ఇంటి అక్వేరియంలో చేపలు గుడ్లు పెడతాయి, పిల్లలు ఎందుకు మిగలవు?

క్లుప్తంగా: గప్పీ, మోలీ లాంటివి ఎవరూ ఏమీ చేయకపోయినా పిల్లల్ని కంటాయి. గుడ్లు పెట్టే జాతులకు మాత్రం కాలం మారిందన్న సంకేతం అందాలి. వెలుతురు, చల్లటి కొత్త నీళ్లు, బలమైన మేతతో ఇంట్లోనూ ఆ సంకేతం ఇవ్వవచ్చు. ఇళ్లలో ప్రయత్నాలు ఎక్కువగా దెబ్బతినేది ఆ తర్వాతే. గుడ్లను పెద్ద చేపలే తినేస్తాయి, లేదా ఈత మొదలుపెట్టిన పిల్లల నోటికి పట్టే మేత సమయానికి దొరకదు.

అక్వేరియం పెట్టుకున్న కొన్నాళ్లకు చాలా ఇళ్లలో ఒకే ప్రశ్న వస్తుంది: వీటికి పిల్లలు పుట్టేలా చేయడం ఎలా? సలహాలకు కొదవ లేదు. దుకాణంలో ఒకరు హీటర్ పెట్టమంటారు. వీడియోలో ఇంకొకరు ఉప్పు వేయమంటారు. మరొకరు ఎండిన బాదం ఆకు వేస్తే చాలంటారు. ఇవన్నీ ఏదో ఒక చేపకు సరైన మాటలే. ఒక చేపకు చెప్పింది ఇంకో చేపకు చేయడంతోనే తంటా. మోలీకి మేలు చేసే ఉప్పు నియాన్ టెట్రాకు పడదు. ఫైటర్ మగ చేపను గుడ్ల దగ్గరే ఉంచాలి, జీబ్రా చేపను గుడ్లు పెట్టిన మరుక్షణం తీసేయాలి.

కడుపులో గుడ్లున్నా పెట్టవెందుకు?

బాగా తిని ఆరోగ్యంగా ఉన్న ఆడ చేప కడుపులో గుడ్లు తయారవుతూనే ఉంటాయి. అవి పూర్తిగా పండి బయటికి రావాలంటే మెదడు నుంచి ఆజ్ఞ రావాలి. పగటి వెలుతురు, నీటి వేడి, నీటిలోని లవణాల్లో మార్పు, మగ చేప నీటిలోకి వదిలే వాసనలు, మేత దొరికే తీరు - వీటన్నిటినీ బట్టి మెదడు తన కిందే ఉండే పీయూష (పిట్యూటరీ) గ్రంథికి కబురు పంపుతుంది. ఆ గ్రంథి వదిలే హార్మోన్‌తో గుడ్లు చివరి దశ దాటి విడుదలవుతాయి. కబురు అందకపోతే గుడ్లు అక్కడే ఆగిపోయి, మెల్లగా ఒంట్లోకే ఇంకిపోతాయి. పొట్ట ఉబ్బి వారాల తరబడి గుడ్లు పెట్టకుండా, తర్వాత మామూలుగా సన్నబడిన చేప విషయంలో చాలాసార్లు జరిగేది ఇదే.

దీనికి మన దగ్గర పెద్ద ఉదాహరణ కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చెరువులో ఎంత బలిసినా గుడ్లు పెట్టవు. వాటికి వరద నీళ్లు పారే నది కావాలి. ఒకప్పుడు చేప విత్తనం కోసం వానాకాలంలో నదుల మీద పడి గుడ్లూ పిల్లలూ పట్టుకు రావాల్సి వచ్చేది అందుకే. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి బృందం వేరే చేపల పీయూష గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి, వరద లేకుండానే వీటితో గుడ్లు పెట్టించగలిగింది. ఏటా జులై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరపడానికి కారణం అదే. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ఈ చేపల సాగు ఇంతగా విస్తరించిందంటే దాని కింద ఈ సూది ఉంది.

గ్రంథి సారానికి బదులు తర్వాత తయారు మందులు వచ్చాయి. చేప పిల్లలను పుట్టించి అమ్మే హేచరీల్లో అందరికీ తెలిసిన ఓవాప్రిమ్‌లో రెండు పదార్థాలు ఉంటాయి. మొదటిది పీయూష గ్రంథిని ప్రేరేపించే హార్మోన్‌ను పోలిన కృత్రిమ పదార్థం. రెండోది డోంపెరిడోన్. బొచ్చె లాంటి కార్ప్ జాతుల్లో డోపమైన్ అనే రసాయనం గ్రంథిని అణచి ఉంచుతుంది, డోంపెరిడోన్ ఆ అణచివేతను తీసేస్తుంది. మనుషులకు వాంతులు ఆగడానికి ఇచ్చే మందు కూడా ఇదే. అంటే ఈ చేపల సమస్య గుడ్లు లేకపోవడం కాదు, బ్రేకు పడి ఉండటం.

ఇంటి అక్వేరియంలో సూదుల అవసరం దాదాపు రాదు. చిన్న అలంకార చేపలు చాలా వరకు సంకేతంతోనే దారికి వస్తాయి. దక్షిణ అమెరికాకు చెందిన కోరిడోరస్ చేపలకు కొన్నాళ్లు నీళ్లు పెద్దగా మార్చకుండా ఉంచి, ఆ తర్వాత మూడో వంతుకు పైగా నీళ్లు తీసి, మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉన్న కొత్త నీళ్లు పోస్తారు. ఎండాకాలం పోయి వానలు మొదలైనట్టు చేపకు తోస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే అద్దానికి గుడ్లు అతికి కనిపించడం అరుదేమీ కాదు. దీన్ని ఆరోగ్యంగా ఉన్న చేపలకే చేయాలి. నీరసించిన చేపకు ఒక్కసారిగా చల్లటి నీళ్లు తగిలితే వచ్చేది వైట్ స్పాట్ జబ్బు.

గుడ్లు పెట్టే చాలా జాతులకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆడ, మగ చేపలను వారం పది రోజులు విడిగా ఉంచి మాంసకృత్తులున్న సజీవ మేత పెట్టాలి. గుడ్డులోని సొన తల్లి తిన్న మేతతోనే తయారవుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తొలి రోజులు బతికేది ఆ సొన మీదే. పొడి గుళికల మేతతో నెట్టుకొచ్చిన తల్లి చేప గుడ్లు పెట్టినా వాటిలో సత్తువ తక్కువ.

బోరు నీళ్లా, ఆర్వో నీళ్లా?

తెలంగాణ, రాయలసీమల్లో చాలా చోట్ల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. ఈ నీళ్లు గప్పీ, మోలీ, ప్లేటీ, స్వోర్డ్‌టెయిల్‌లకు ఇబ్బంది కాకపోగా, అనుకూలం కూడా. టెట్రాలకు, డిస్కస్‌కు మాత్రం ఈ నీళ్లలో పెరగడం ఒక ఎత్తు, పిల్లలు కావడం ఇంకో ఎత్తు.

తేడా గుడ్డు దగ్గర వస్తుంది. చేప గుడ్డు పొర మీద వీర్యకణం దూరడానికి ఒకే ఒక్క సన్నటి రంధ్రం ఉంటుంది. గుడ్డు నీళ్లలో పడగానే నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, పొర గట్టిపడుతుంది, రంధ్రం మూసుకుపోతుంది. మంచినీటి చేపల వీర్యకణాలు నీళ్లు తగిలాక చురుగ్గా ఉండేదీ కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలే. ఆ వ్యవధిలోనే అంతా జరిగిపోవాలి. అమెజాన్ ఉపనదుల్లో చాలా వాటి నీళ్లు దాదాపు వాన నీళ్లంత పలుచన. అలాంటి నీటికి అలవాటైన గుడ్డు సున్నపు నీళ్లలో ఉబ్బాల్సినంత ఉబ్బదు, ఫలదీకరణ తగ్గుతుంది. టెట్రాల గుడ్లు తెల్లారేసరికి తెల్లబడి బూజు పట్టాయంటే ముందుగా అనుమానించాల్సింది నీళ్లనే.

ఆర్వో నీళ్లు కలపడం దీనికి మార్గం. అయితే అచ్చంగా ఆర్వో నీళ్లే పోస్తే ఆమ్లత్వాన్ని నిలకడగా పట్టి ఉంచే కార్బొనేట్లు కూడా ఉండవు, పీహెచ్ ఒక్కసారిగా పడిపోవచ్చు, అంటే నీళ్లు ఆమ్లంగా మారవచ్చు. అందుకే కొంత బోరు నీళ్లు కలిపి వాడతారు. ఆర్వో యంత్రం పక్క గొట్టంలోంచి వదిలే వృథా నీళ్లలో మాత్రం సున్నం బోరు నీళ్లలో కంటే ఎక్కువ. వాటిని పారబోయడం ఇష్టం లేక టెట్రాల తొట్టెలో పోయడం పనికిరాదు. మున్సిపాలిటీ నీళ్లైతే క్లోరిన్ సంగతి చూడాలి. రాత్రంతా గాలి పంపు పెట్టి ఉంచినా, దుకాణాల్లో హైపో పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ వేసినా అది పోతుంది.

బాదం ఆకు సంగతీ ఇక్కడే తేల్చాలి. కోస్తా ఊళ్లలో వీధివీధికీ కనిపించే బాదం చెట్టు రాల్చే ఎండుటాకులో టానిన్లు ఉంటాయి. నీళ్లు టీ రంగుకు మారతాయి, బూజు కొంత అదుపులో ఉంటుంది, పిరికి చేపలు మాటు దొరికి కుదురుకుంటాయి. పీహెచ్‌ను దించే శక్తి దీనికి తక్కువ. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో కార్బొనేట్లు ఆ కాస్త ఆమ్లాన్నీ మింగేస్తాయి. అరడజను ఆకులు వేసినా మీటరు కదలదు, నీళ్ల రంగు మాత్రం మారుతుంది. మందు పనిచేస్తోందన్న భ్రమ వచ్చేది ఈ రంగు వల్లే.

కనేవి, చల్లేవి, కాపలా కాసేవి

గప్పీల విషయంలో పిల్లలు పుట్టడం సమస్య కాదు, ఆగడమే సమస్య. ఆడ గప్పీ ఒక్కసారి మగ చేపతో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని, దాదాపు నెలకోసారి పిల్లల్ని కంటుంది. దుకాణం నుంచి ఆడ చేపలనే తెచ్చినా పిల్లలు పుట్టడం వెనక మాయ ఏమీ లేదు. పుట్టిన పిల్ల ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది, అప్పటికప్పుడు ఈదుతుంది, మెత్తగా నలిపిన పొడి మేత తింటుంది. జావా మాస్, హైడ్రిల్లా లాంటి గుబురు మొక్కలుంటే కొన్నైనా పెద్ద చేపల కంట పడకుండా తప్పించుకుంటాయి. చిన్న ప్లాస్టిక్ బ్రీడింగ్ బాక్సులో నిండు చూలు చేపను రోజుల తరబడి బంధించడం కంటే ఇదే నయం. ఇరుకులో బెదిరిన తల్లి నెలలు నిండకుండానే పిల్లల్ని వదిలేయడం మామూలే.

జీబ్రా చేపది పూర్తిగా వేరే లెక్క. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల్లోని గుంటలు, వరి చేల కాలువలు దీని పుట్టిల్లు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ 1981లో ప్రచురించిన పరిశోధనతో ఇది ప్రయోగశాలల్లోకి వెళ్లింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ దీనిపై పరిశోధనలు సాగుతాయి. ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి కుదిరిన పద్ధతి ఇంటికీ పనికొస్తుంది: నీటి వేడి సుమారు 28.5 డిగ్రీలు, రోజుకు 14 గంటల వెలుతురు, 10 గంటల చీకటి. ఈ చేప లైటు వెలిగిన కాసేపటికే, అంటే తెల్లవారగానే గుడ్లు పెడుతుంది. సాయంత్రం జంటను ఒక పెట్టెలో మధ్యలో అడ్డు పెట్టి ఉంచుతారు, పొద్దున లైటు వేసి అడ్డు తీస్తారు. పెట్టె అడుగున జల్లెడ లాంటి వల ఉంటుంది. గుడ్లు వల కన్నాల్లోంచి కిందికి జారిపోతాయి, వాటిని తినబోయిన తల్లిదండ్రుల మూతి వలకు తగులుతుంది.

ఆ వల ఇంట్లో లేకపోతే గోలీలు చాలు. టబ్బు అడుగున రెండు వరుసల గోలీలు పరిచి, వాటి మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోస్తారు. చేపలు తరుముకుంటూ చల్లిన గుడ్లు గోలీల సందుల్లోకి దిగిపోతాయి. మంచి మేత మీద ఉన్న ఆడ చేప ఒక పూటలో రెండు వందల గుడ్లు పెట్టగలదు, వారం తిరక్కుండానే మళ్లీ పెట్టగలదు. అన్ని పెట్టి వదిలేసే చేపకు కాపలా కాసే గుణం ఉండదు. దాని కళ్లకు గుడ్డు కూడా మేతే.

ఫైటర్ దగ్గర కాపలా మగ చేపది. నీళ్ల పైన నోటితో బుడగలు ఊది, లాలాజలంతో అతికించి గూడు కడుతుంది. ఆడ చేపను వదిలాక కాసేపు తరుముతుంది, రెక్కలు చీలుతాయి. ఆడ చేప సిద్ధంగా లేకపోతే చచ్చిపోయేదాకా వెళ్లొచ్చు, కాబట్టి దాక్కోవడానికి మొక్కలుండాలి. కుదిరితే గూడు కిందికి వచ్చి మగ చేప దాని చుట్టూ మెలిపడుతుంది. కొన్ని తెల్లటి గుడ్లు జారి కిందికి పడుతుంటాయి. మగ చేప పట్టు వదిలి, మునుగుతూ ఒక్కొక్కదాన్నే నోటితో ఏరి, పైకి తెచ్చి బుడగల్లోకి ఊదుతుంది. గంటల పాటు ఇదే సాగుతుంది. అయ్యాక ఆడ చేపను తీసేయాలి, లేకపోతే అది గుడ్లు తింటుంది, లేదా మగ చేప చేతిలో దెబ్బలు తింటుంది. రెండు రోజుల్లోపు గుడ్లు పగిలి పిల్లలు గూటికి తోకలు కిందికి వేలాడతాయి. జారిపడిన వాటిని మగ చేప మళ్లీ ఎత్తి గూట్లో పెడుతుంది. పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టాక దాని పని కూడా అయిపోయినట్టే, దాన్నీ తీసేయాలి.

ఏంజెల్ జంటలు ఆకు మీదో, పలక ముక్క మీదో గుడ్లు పెట్టి, వాటి మీదికి రెక్కలతో నీళ్లు విసురుతూ కాపాడతాయి. తొలి రెండు మూడు కాన్పుల గుడ్లను తామే తినేయడం వీటిలో చాలా మామూలు. కొందరు పలకతో సహా గుడ్లను వేరే తొట్టెకు మార్చి, రెక్కల విసురుకు బదులు బుడగలు వదిలే గాలి రాయి పెట్టి, బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ అనే నీలి మందు వేస్తారు. పిల్లలు దక్కుతాయి. కాకపోతే తల్లిదండ్రులకు పిల్లల్ని పెంచడం అలవడే అవకాశం పోతుంది.

ఈత మొదలైన రోజే అసలు గడువు

గుడ్డు పగిలినప్పుడు పిల్ల పొట్టకు సొన సంచి అంటుకుని ఉంటుంది. అది ఉన్నన్నాళ్లు బయటి మేత అక్కర్లేదు. జీబ్రా, ఫైటర్ పిల్లలకు ఆ నిల్వ మూడు నాలుగు రోజులకు మించి రాదు. సొన అయిపోయే వేళకు ఈత మొదలవుతుంది, నోరు తెరుచుకుంటుంది. అప్పటి నుంచి ఒకటి రెండు రోజుల్లో మేత నోట్లో పడాలి. ఆలస్యమైతే ఒక హద్దు దాటాక ఎదురుగా మేత ఉన్నా పట్టే బలం గానీ, అరిగించుకునే శక్తి గానీ పిల్లకు మిగలదు. ఇంకా కదులుతూనే ఉంటుంది, కాబట్టి పెంచేవారికి తెలియదు. మూడో రోజు దాకా గుంపుగా ఉన్న పిల్లలు వారం తిరిగేసరికి పదీ ఇరవైకి రావడానికి జబ్బు కంటే ఇదే పెద్ద కారణం.

ఎంత చిన్న మేత కావాలన్నది నోటి కొలతను బట్టి ఉంటుంది. రొయ్యల హేచరీల్లో మేతగా వాడే ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న జీవి అప్పుడే పొదిగినప్పుడు అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ ఉంటుంది. ఏంజెల్ పిల్లలు దాన్ని తొలిరోజు నుంచే అందుకుంటాయి. ఫైటర్ పిల్లల్లో చాలా వాటికి మొదటి రెండు మూడు రోజులు అది పెద్ద ముద్ద. టెట్రా పిల్లలకు మరీ పెద్దది. వాటికి కావాల్సింది ఇన్ఫ్యూసోరియా, అంటే పారమీసియం లాంటి ఏకకణ జీవులు. పాత ట్యాంకు నీళ్లలో అరటి తొక్కో, ఉడికించిన పాలకూర ఆకో వేసి ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచితే, మొదట నీళ్లు మసకబారి కంపు కొడతాయి. అది బ్యాక్టీరియా దశ. కొన్ని రోజులకు నీళ్లు తేటపడుతూ, వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి ధూళి కదులుతున్నట్టు కనిపిస్తుంది. అప్పుడే అది మేత. కంపు కొట్టే దశలో పోస్తే పిల్లలకు తిండి అందదు సరికదా, ఆక్సిజన్ కూడా పోతుంది.

ఈ లెక్కలో కీలకం తేదీలు. గుడ్లు చూశాక ఇన్ఫ్యూసోరియా మొదలుపెడితే అది సిద్ధమయ్యేలోపు పిల్లల సొన అయిపోతుంది. జంటను కలపడానికి కనీసం వారం ముందే సీసా పెట్టాలి. ఆర్టీమియా అంత సమయం తీసుకోదు. లీటరు నీళ్లలో 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు కరిగించి, ఆర్టీమియా గుడ్లు వేసి, కింద నుంచి గాలి పంపుతూ 28 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. పెంకులు పైకి తేలాక, వెలుతురు వైపు చేరిన నారింజ రంగు పిల్లలను గొట్టంతో లాగి, మంచినీళ్లతో కడిగి పెడతారు. మంచినీటి తొట్టెలో ఇవి కొన్ని గంటలే బతుకుతాయి కాబట్టి కొంచెం కొంచెంగా, రోజుకు మూడు నాలుగు సార్లు వేయాలి.

ఉడికించిన గుడ్డు సొనను గుడ్డలో నలిపి వేయమన్న సలహా బాగా ప్రచారంలో ఉంది. చవక, చేతికందుబాటులో ఉంటుంది. కానీ సొన కదలదు, పిల్ల కంటికి కదిలేదే మేత. తినకుండా మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది. పీహెచ్, వేడి ఎక్కువైన కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. మే నెలలో బోరు నీళ్ల తొట్టెలో ఈ రెండూ ఎక్కువే. అదే వేళ నీళ్లలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకే పరిమితం. పిల్లల తొట్టెకు మోటారు ఫిల్టర్ పనికిరాదు, పిల్లల్ని లాగేస్తుంది. కొన్ని వారాలుగా పెద్ద ట్యాంకులో నడిచి, అమ్మోనియాను తొలగించే బ్యాక్టీరియా పట్టిన స్పాంజి ఫిల్టర్‌ను మార్చి పెట్టడం ఉత్తమం. దాని మీద చేరిన సూక్ష్మజీవులను పిల్లలు గీక్కుని తింటాయి కూడా.

నీళ్ల పైపొర సంగతి తరచూ మరిచిపోతారు. చాలా జాతుల పిల్లలు ఈత మొదలయ్యే వేళ పైకి వచ్చి గాలి గుటక మింగితేనే లోపలి గాలితిత్తి నిండుతుంది. నీళ్ల మీద నూనె తెట్టు ఉంటే అది సాధ్యం కాదు. అలాంటి పిల్లలు జీవితాంతం అడుగున పొట్ట ఈడ్చుకుంటూ తిరుగుతాయి. ఫైటర్ పిల్లల్లో గాలి పీల్చే అవయవం తర్వాతి వారాల్లో ఏర్పడుతుంది కాబట్టి, తొట్టెకు మూత పెట్టి పైగాలి వెచ్చగా, తేమగా ఉండేలా చూడటం ఆనవాయితీ.

బతికాక ఏం చేయాలి?

పిల్లలు దక్కితే ఖర్చు అప్పుడు మొదలవుతుంది. ఫైటర్ పిల్లల్లో మగవి రెండు మూడు నెలలకు కొట్లాటకు దిగుతాయి. వందకు పైగా మగ చేపలు మిగిలితే వందకు పైగా సీసాలు కావాలి, అన్నిటికీ నీళ్లు మార్చాలి. రంగు రంగుల గప్పీలను కలిపి వదిలేస్తే కొన్ని తరాలకే ఆ రంగులు కలగాపులగమై వెలిసిపోతాయి. ఒకే కాన్పు పిల్లల్లోనే జతలు కడుతూ పోతే వంగిన వెన్నుముకలు పెరుగుతాయి. మామూలు రకాల ధరలో చెన్నై కొళత్తూరు చుట్టుపక్కల పెరటి తొట్టెల్లో వేల సంఖ్యలో పెంచేవారితో ఇంటి ట్యాంకు పోటీ పడలేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్‌కు మూడు లక్షల రూపాయల అంచనా వ్యయం మీద సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం సాయం ప్రకటించారు. అలాంటి సాయానికి దరఖాస్తు చేసే ముందు కొనేవారు ఎవరో, ఏ రకం అడుగుతున్నారో తేల్చుకోవడం సబ్సిడీ శాతం కంటే ముఖ్యం.

అమ్ముడుపోని వాటిని చెరువులో వదిలేయడం మాత్రం ప్రమాదం. ట్యాంకు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేపే దీనికి సాక్ష్యం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప ఇంటి అక్వేరియంలో ఎన్నేళ్లున్నా పిల్లలు పెట్టదు. మగ చేప మట్టి గట్టులో లోతుగా బొరియ తవ్వి, అందులో గుడ్లకు కాపలా ఉంటుంది. అద్దాల తొట్టెలో ఆ గట్టు లేదు. చెరువులు, కాలువల్లో కావాల్సినంత ఉంది. వదిలిన చోటల్లా అది గట్లను తవ్వి పెరిగింది. కృష్ణా, గోదావరి ప్రాంతాల మత్స్యకారులు దెయ్యం చేప అని పిలిచేది దీన్నే. ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది, పట్టినా కొనేవారుండరు. తూర్పు కనుమల నీటి వనరుల్లో ఇది ఎంతగా వ్యాపించిందో సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో మిగిలిన డీఎన్‌ఏ ఆనవాళ్లతో గుర్తించారు.

గప్పీలైతే నెల, నెలన్నర వయసులోనే మగవాటి పొట్ట కింది రెక్క సూదిలా సాగి కనిపిస్తుంది. అప్పుడే విడదీస్తే ఆ తరానికి కాన్పులు ఉండవు. సక్కర్‌ది ఆ లెక్క కాదు, అది అడుగుకు పైగా పెరుగుతుంది. రెండడుగుల ట్యాంకు ఉన్నవారికి దుకాణంలో రెండంగుళాల పిల్లను అంటగడుతుంటే వద్దనాల్సింది అక్కడే.